పక్కన కాస్త చోటు

బట్టలు కుట్టి బతికే ఆవిడకు రక్తంలో క్యాన్సర్. ఆరు నెలలు గట్టి కీమో చేయించుకుంది. హమ్మయ్య అనుకుని మళ్ళీ మిషను ముందు కూర్చున్న ఏడాదికే అది తిరిగొచ్చింది.

"ఈసారి మందు ఇంకా గట్టిదమ్మా. ఆ తర్వాత కొత్త రక్తం పుట్టించడానికి మీ తమ్ముడి మూలకణాలు ఎక్కిస్తాం" అన్నాడు డాక్టరు.

అన్నట్టే చేశారు. ఆమెను విడిగా ఒక గదిలో ఉంచారు. రెండు తలుపులు, ఒక గోడకు పెద్ద అద్దాల కిటికీ. ఏ చిన్న జబ్బు సోకినా తట్టుకోలేదని ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. నర్సు కూడా చేతులకు తొడుగులతోనే వచ్చేది. తమ్ముడు అద్దం అవతల నిలబడి ఫోన్లో మాట్లాడేవాడు.

"ఏమైనా తిన్నావా అక్కా?"

"నోరంతా పూసిందిరా. నీళ్ళు తాగినా మంటే."

"నా కణాలు కుదురుకోనీ. నాలాగే కుంభాలు లాగించేస్తావు చూడు."

నవ్వింది. వాడు వెళ్ళాక అద్దం అవతల ఖాళీ వసారా మిగిలింది.

ఒక మధ్యాహ్నం కాలిపోయే జ్వరంతో గోడవైపు తిరిగి పడుకుంది. ఒంటికి మనిషి చెయ్యి తగిలి ఇరవై రోజులు. సెలైను చుక్కలు చుక్కలుగా దిగుతోంది. తలుపు చప్పుడు కాలేదు. అయినా మందుల వాసనలో తడిమట్టి వాసన కలిసింది. వెనకాల పరుపు కుంగింది...

"నర్సమ్మా?"

మెడ మీద చల్లటి ఊపిరి...

"కాస్త జరుగమ్మా..." ఆడగొంతు. గుసగుసగా. "ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా..."

ఒళ్ళు చల్లబడింది. గంట మీట చేతికందే దూరంలోనే ఉంది. నొక్కలేదు. ఆ మాట ఇన్నాళ్ళుగా తన గొంతులో ఇరుక్కున్న మాటే.

కళ్ళు గట్టిగా మూసుకుని... జరిగింది.

తొడుగు లేని చెయ్యి ఒకటి ఆమె గుండు మీద వాలింది. మంచుగడ్డలా ఉంది. ఆ స్పర్శకు ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

మర్నాడే జ్వరం దిగింది. నెల తిరిగేసరికి లేచి నడిచింది. డాక్టరు అక్కాతమ్ముళ్ళను తన గదికి పిలిచాడు.

"జబ్బు జాడే లేదు" అన్నాడు. ముఖంలో మాత్రం సంతోషం లేదు. "మీ రక్తంలో ఇప్పుడు ఎవరి కణాలున్నాయో పరీక్ష చేశాం. మీ తమ్ముడివి ఒక్కటీ నిలవలేదు. మీవీ లేవు."

"మరెవరివి సార్?" తమ్ముడు అడిగాడు.

"మూడుసార్లు చేయించాం." డాక్టరు ఆమె వైపు చూడలేదు. "ఎవరో ఆడమనిషివి... రోజురోజుకీ పెరుగుతున్నాయి."