కోడలు ఆపిన మందు

“మీ అమ్మకైతే ఇలాగే ఆపేదానివా?”

భర్త నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి ఆమె తాగబోతున్న నీళ్ల గ్లాసు కింద పెట్టేసింది. ఆసుపత్రి నుంచి వచ్చి అయిదు నిమిషాలైనా కాలేదు. పక్క గదిలో అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. తలుపు తీసే ఉంది. వినబడకుండా ఉంటుందా!

“అంత మాట అనకండీ... ఆవిడ నాకు మాత్రం అమ్మ కాదా?”

“అమ్మే అయితే, పొద్దున్నించీ చేతికి సెలైన్ పెట్టి పడుకోబెట్టి, చివరికి మందు లేదు పొమ్మంటారా ఎవరైనా? తయారు చేసిందీ నువ్వే, వద్దన్నదీ నువ్వే! అందరికీ మందు చేసి పంపిస్తావు, మా అమ్మ దగ్గరికొచ్చేసరికి...” మాట పూర్తి చేయకుండానే అతను బయటికి వెళ్లిపోయాడు.

ఏమని చెప్పాలి అతనికి! అత్తగారికి చిన్నపేగులో పుట్టిన కేన్సరు గడ్డలు కాలేయానికి పాకాయి. ఆపరేషన్ కుదరదన్నారు. అయితే ఆ గడ్డల మీద, కొన్ని పదార్థాలను పట్టుకునే రిసెప్టర్లు నిండుగా ఉన్నాయని స్కానులో తేలింది. ఆ రిసెప్టర్లను వెతుక్కుంటూ వెళ్లి అతుక్కునే పెప్టైడ్ అనే పదార్థం ఒకటుంది. దానికి రేడియేషన్ మందు తగిలించి నరంలోకి ఎక్కిస్తే, తిన్నగా గడ్డల దగ్గరికే చేరి వాటిని మాడ్చేస్తుంది. అలా తగిలించడమే ఆసుపత్రి ల్యాబులో ఆమె ఉద్యోగం. తోటి ఉద్యోగి సెలవులో ఉండటంతో అత్తగారి మందు కూడా ఆమె చేతి మీదుగానే తయారైంది.

పరీక్ష చేసింది. పెప్టైడ్‌కు అంటుకోకుండా విడిగా మిగిలిపోయిన రేడియేషన్ మందు ఉండాల్సినదానికన్నా కాస్త... కాస్తే... ఎక్కువ! మళ్లీ చేసింది. మళ్లీ అంతే. విడిగా ఉన్నది గడ్డల దగ్గరికి పోదు. ఎముకల్లో చేరి, రక్తం పుట్టే మూలుగను దెబ్బతీస్తుంది. పైఅధికారి కళ్లజోడు సవరించుకుని, “వెంట్రుకవాసి తేడా అమ్మా. మళ్లీ సరుకు రావాలంటే మూడు వారాలు పడుతుంది. సంతకం నీది... నీ ఇష్టం,” అన్నాడు.

నీ ఇష్టం! అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా! ఆమె పళ్లు బిగపట్టి, పనికిరాదని రాసి సంతకం పెట్టింది. ఆ కబురు నర్సు చేత అత్తగారున్న వార్డుకు పంపి, బట్టలు మార్చుకునే గదిలో కూలబడి ఏడ్చింది.

అత్తగారు ఉద్యోగమంతా బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. నోరు విప్పితే బస్సు ఆ చివరిదాకా వినబడాల్సిందే! పెళ్లయిన నాటినుంచీ కోడల్ని ‘ల్యాబు పిల్లా’ అనే పిలిచేవారు. జబ్బు సంగతి తెలిసిన రోజు కూడా, “నా స్టేజీ వచ్చేసిందిలే, దిగిపోతే పోలా!” అని ఏడుస్తున్నవాళ్లను నవ్వించారు. అలాంటి మనిషి మందు ఆపిన రోజు నుంచీ కోడలితో మాట మానేశారు!

ఆ మూడు వారాలూ నరకమే. ఉన్నట్టుండి ఆవిడ మొహం జేవురించేది. విరేచనాలతో ఒళ్లు గుల్లయిపోయేది. దుప్పట్లు మార్చడం, ఒళ్లు తుడవడం, తల దువ్వడం అన్నీ కోడలే చేసేది. ఆవిడ వద్దనేవారు కాదు... మాట్లాడేవారూ కాదు. “ఏమైనా కావాలా అత్తయ్యా?” అంటే కళ్లు మూసుకునేవారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది!

రెండోసారి చేసిన మందు పరీక్షలో నెగ్గింది. ఎక్కించారు. మర్నాడు స్కాను తీస్తే కాలేయంలోని గడ్డలన్నీ తెరమీద వెలిగాయి. మందు చేరాల్సిన చోటికే చేరింది! కానీ... నడుము ఎముకలో ఒక కొత్త చుక్క.

“ఇది ఈ మూడు వారాల్లో వచ్చిందా డాక్టరుగారూ?” భర్త అడిగాడు.

“ముందే ఉండి అప్పటి స్కానుకి అందకపోయి ఉండొచ్చు. ఆలస్యం వల్లా కావచ్చు. ఎవరూ చెప్పలేరు. మందు దాన్నీ పట్టుకుంది, అది మాత్రం నిజం.”

భర్త ఆమె వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు... ఓదార్పూ లేదు. వరండాలోకి వచ్చాక, “ఆరోజు నేనలా అనకుండా ఉండాల్సింది,” అన్నాడు మెల్లగా. ఆమె తల ఊపింది. ఏడుపు కూడా రాలేదు. ఆ చుక్కకు జవాబు ఈ జన్మలో దొరకదని ఆమెకు తెలుసు.

రేడియేషన్ మందు ఒంట్లో ఉన్నన్నాళ్లూ అత్తగారికి దగ్గరగా ఎవరూ మసలకూడదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం పళ్లెం స్టూలు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“ల్యాబు పిల్లా!”

ఎన్నాళ్లకు విన్నది ఆ పిలుపు! గడప దగ్గరే నిలబడిపోయింది.

“ఎముకలో కూడా ఉందంట కదా. మీ ఆయన చెప్పాడు.”

“అత్తయ్యా... నా వల్లే...”

“నోర్ముయ్! మంచిది కాదు కాబట్టే ఆపావు. ఆమాత్రం నాకు తెలీదా?”

“మరి ఇన్నాళ్లూ మాట్లాడలేదేం?”

“కోపం. ఇంకా పోలేదు కూడా. పోతే పోతానని అందరిముందూ జోకులేశానా... మందు లేదనేసరికి తెలిసిందే, నాకు బతకాలనుందని! ఎంత భయమేసిందో! నువ్వొస్తావని తలుపువైపే చూశాను. నువ్వు రాలేదు. ఎవరో నర్సు వచ్చి సూది పీకేసి ఇంటికెళ్లమంది.”

ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. “ఎలా రాను అత్తయ్యా! సంతకం పెట్టకముందు వస్తే, మీ మొహం చూసి ఆ మందే ఇచ్చేసేదాన్నేమో! పెట్టాక రావడానికి ధైర్యం చాల్లేదు...”

అత్తగారి కళ్లు నిండాయి.

“ఇంకా మూడు డోసులున్నాయంట. మళ్లీ తేడా వస్తే?”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. “మళ్లీ ఆపుతాను.”

“ఆపు. కానీ నువ్వే వచ్చి చెప్పు. నేను తిడతాను. పడు.”

“పడతాను అత్తయ్యా!” అంటూ ఆమె లోపలికి అడుగు వేయబోయింది.

“అక్కడే ఉండు! నాకు చెప్పిన జాగ్రత్తలు నీకు లేవా?” కండక్టరమ్మ గొంతు వీధిదాకా వినబడింది.

ఆమె గడప బయటే కూర్చుంది. అత్తగారు పళ్లెం ముందుకు లాక్కుని, ఒక్కొక్క ముద్దే మెల్లగా తినసాగారు.