కిటికీలో చెయ్యెత్తే బొమ్మ

ఫలానా చోట దెయ్యముందనగానే నమ్మేస్తారే, ఆ దెయ్యాన్ని అక్కడ పెట్టిందెవరని మీలో ఒక్కరైనా అడిగారా?

మలుపులో మూతపడ్డ ఆ బట్టలు కుట్టే కొట్టు సంగతే చూడండి. అద్దం వెనక గౌను తొడిగిన బొమ్మ. చీకటి పడ్డాక అది చెయ్యెత్తి పిలుస్తుందట... ఇస్త్రీ మామ చూశాడు — సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత కొలతలివ్వడానికి ఒక్కరూ గడప తొక్కలేదు. దర్జీ పిన్ని కొట్టు మూసేసింది.

నిజం తెలిసింది ఒక్కరికే — పిన్ని అక్క కూతురికి.

బొమ్మ భుజంలో చెయ్యి తిప్పే చిన్న సర్వో మోటారు, నడుములో దాన్ని నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు, దానికో బ్లూటూత్ ముక్క... పిన్నికి తెలియకుండా పెట్టింది తనే. ఫోన్లో యాప్ తెరిచి వేలు జరిపితే చెయ్యి లేచేది. సరదాకే! కాలేజీలో ఎవరి నోరైనా మూయించే పిల్లకి, మామ పడ్డాక మాత్రం నోరు పెగల్లేదు.

"దెయ్యమేనేమోనే," అంది పిన్ని.

"అయ్యుంటుంది పిన్నీ," అంది ఈమె.

చివరికి ఓ సాయంత్రం, మోటారు పీకేసి చేతులు దులుపుకుందామని కొట్టులో దూరింది. బొమ్మ గౌను పక్కకి లాగింది...



ఏ ఫోనూ కలవకపోతే బ్లూటూత్ ముక్క మీది ఎర్ర దీపం టపటపా కొట్టుకోవాలి. ఇప్పుడు నిలకడగా వెలుగుతోంది. అంటే — ఎవరో కలిశారు. తన ఫోనేమో జేబులోనే ఉంది!

యాప్ తెరిచింది. 'కనెక్ట్ కాలేదు.' ఒకరు కలిసుంటే ఇంకొకరిని అది రానివ్వదు.

కిర్ర్...

చెయ్యి లేచింది. పిలవలేదు — నేరుగా ఆమె ముఖం వైపు చూపిస్తూ ఆగిపోయింది.

"నేనే... మామ పడింది నా వల్లే. కొట్టు మూతపడిందీ నా వల్లే..."

చెయ్యి మెల్లగా దిగింది.

కొలతలు తీసే మూల తెర వెనక గుసగుస. "అమ్మయ్య! ఈ ముక్క కోసం రోజూ ఇక్కడ దోమల్ని మేపుతున్నానే."

పిన్ని! చేతిలో ఫోను.

"గౌను మారుస్తుంటే తీగలు దొరికాయి. ఇలాంటి పనులు మనింట్లో ఇంకెవరికొచ్చు? మొబైల్ రిపేరాయన యాప్ వేసిచ్చాడు. పాస్‌వర్డ్ కూడా కొన్నప్పటిదే ఉంచేశావట — ఒకటే నవ్వు ఆయన."

"క్షమించు పిన్నీ..."

"నాకు చెప్తే సరిపోయిందా? విరిగింది నా కాలా? ఆ మనిషి ఇప్పటికీ కిటికీలు బిగించుకుని పడుకుంటున్నాడు. నడు!"

మామ తలుపు ముందు ఆమె చెయ్యి పైకి లేవనంది. దాన్ని లేపే యాప్ ఏదీ లేదు. తనే ఎత్తాలి... ఎత్తింది. కొట్టింది.

విన్నారుగా, నవ్వుకుని ఊరుకోకండి. మీ సరదా ఎవరి కిటికీలు మూయించిందో మీకు తెలుసు. తెల్లారేదాకా ఆగకండి — లేవండి, వెళ్లి ఆ తలుపు కొట్టండి.