ఆరో కాపీ

మస్కట్‌లో మన కొరియర్ని టాక్సీలోనే కాల్చేశారు. ఆ కబురు హైదరాబాద్ నుంచి ఫోన్లో వచ్చేసరికి, అమలాపురం ఎర్రవంతెన దగ్గర ధర్మరాజు తన ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ ఎత్తుతున్నాడు.

"కోడ్లు బయటపడ్డట్టే," అన్నాడు చీఫ్ సోమేశ్వరరావు. "మాస్టర్ ఇవాళే మార్చాలి. గాయత్రి అనే ఆఫీసర్ వస్తోంది. కొత్త సిస్టమ్ ఆవిడే పెడుతుంది. నీ చేతిపని ఇక చాలు."

"ఆయ్," అన్నాడు ధర్మరాజు. ఫోన్ పెట్టేశాక తిట్టుకున్నాడు.

అది 2007. బోర్డు మీద రైలు టికెట్లు, జిరాక్స్, గల్ఫ్ బయోడేటాలు అని ఉంటుంది. అసలు పని వేరు. నగరం అనే ఊరి చుట్టుపక్కల గ్యాస్ బావుల మ్యాపులు కొంటున్న విదేశీ ముఠాని పట్టుకోడానికి గల్ఫ్‌లో మన ఏజెంట్లు ఐదుగురు వెతుకుతున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో వికీ. అంటే ఎవరి పేజీలు వాళ్ళే రాసుకుని, ఒకదానికొకటి లింకులు వేసుకునే సొంత వెబ్‌సైటు లాంటిది. మస్కట్ క్యాంపులో వంటవాడైన యాకోబుది పైకి వంటల పుస్తకం. డ్రైవర్ జగ్గయ్యది క్రికెట్ స్కోర్లు. అడుగున రహస్యాలు. ఐదింటికీ అచ్చు ఒకటే. ఆ మాస్టర్ ధర్మరాజు దగ్గరుంటుంది.

కోడు మారినప్పుడల్లా ముందు మాస్టర్ మార్చి, తర్వాత ఒక్కో కాపీలో ఆ మార్పు చేత్తో పెట్టేవాడు. వాళ్ళు రాసుకున్న పేజీ ఒక్కటి కూడా చెదరకూడదు. ఒక కాపీకి రెండో కాపీ ఉండకూడదు. ఈ రెండు రూల్సూ అతను పెట్టినవే.

యాకోబు శీర్షికలన్నిటికీ చిలకపచ్చ రంగు వేస్తాడు. జగ్గయ్య 'ప్రమాదం' పేజీ తీసేస్తాడు. ధర్మరాజు మళ్ళీ పెడతాడు. ఏళ్ళ తరబడి ఇదే వాళ్ళ పలకరింపు. వాళ్ళ గొంతు అతను వినలేదు. అయినా అతనికి మిగిలిన మనుషులు వాళ్ళే. భార్య సత్యదుర్గ దినం భోజనాలు చేసి వెళ్ళిన చుట్టాలు మళ్ళీ గుమ్మం తొక్కలేదు. అతనూ పిలవలేదు. ఇక పిలవడు.

పదిగంటలకి బండారులంక చీరల పార్సిల్ చంకన పెట్టుకుని ఒకామె దిగింది. సెంటర్లో కుర్రాళ్ళందరూ ఒక్కసారే చాటింగ్ ఆపేశారు. అంత అందం.

"మస్కట్ వీసాకి ఎర్ర బ్యాక్‌గ్రౌండ్‌తో ఫోటో తీస్తారా?"

"నీలమే ఉందండి. ఎర్రది ఎండకి వెలిసిపోయింది."

కోడ్ కలిసింది. కరెంటు పోతుందని చెప్పి ధర్మరాజు కుర్రాళ్ళని పంపేశాడు. గాయత్రి వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. మధ్యాహ్నానికల్లా ఐదు కాపీలూ మాస్టర్‌కి కట్టేసింది. ఇక మాస్టర్లో ఏది పెడితే అది వాటిలోకి దానంతటదే పోతుంది. కొత్త కోడ్లు అప్పుడే వెళ్ళిపోయాయి.

"చూశారా? మీరు రోజుల తరబడి కళ్ళు పొడుచుకునేది ఇదే."

"నా కళ్ళు. నా ఇష్టం."

ఆవిడ నవ్వి భోజనానికి వెళ్ళింది.

ఆరో కాపీ ఒకటుంది. హెడ్ ఆఫీసుకి తెలీదు. మొదటి మాస్టర్ కట్టినప్పుడు భార్య చేత రాయించి పరీక్షించాడు. అందులో ఆవకాయ కొలతలు, గ్యాస్ బుకింగ్, ఆఖర్లో మందుల వేళలు. ఆవిడ పోయాక కూడా ప్రతి మార్పూ ముందు అందులోనే పెడుతూ వచ్చాడు. చచ్చిపోయిన మనిషికి కొత్త కోడ్లెందుకని అడిగేవాళ్ళు ఎవరున్నారు?

ఇవాళ వరస తప్పింది. ఆలస్యంగానైనా దాన్నీ మాస్టర్‌కి కట్టి, మాగాయ పేజీ తెరిచాడు.

మోడెం లైటు మిణుకుమంది.

ఆ ఫైలు ఈ మెషీన్లోనే ఉంది. మాగాయకి ఇంటర్నెట్‌తో పనేమిటి? వైరు పీకాడు. పేజీ గిలగిలలాడుతూ ఏదో విదేశీ అడ్రసు కోసం వెతికింది.

అర్థమైంది. కొత్త కోడ్లతోపాటు ఒక దొంగ ప్రోగ్రాం ముక్క కూడా వెళ్ళింది. ఏజెంటు వికీ తెరవగానే సొంత పేజీలన్నీ ముఠాకి చేరతాయి. రాత్రికి ఐదు శవాలు.

"వైరు పెట్టకండి." గుమ్మంలో గాయత్రి. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు. "యాకోబు టీ వేళకి తెరుస్తాడు. అప్పటిదాకా కూర్చుందాం."

"ఎంతకి అమ్ముడుపోయావు?"

"మీ జీతం విన్నాక సిగ్గేస్తోంది, చెప్పను."

అంతలో మెట్లమీద ఆయాసం వినిపించింది. గాయత్రి చటుక్కున పిస్తోలుని బల్లమీది చీరల పార్సిల్ కిందికి తోసింది. అచ్చాయమ్మ వచ్చింది. కొబ్బరి కొట్టు యజమానురాలు, భారీ మనిషి. రోజూ వచ్చి కువైట్‌లో ఉన్న కూతుర్ని కంప్యూటర్లో చూసి పోతుంది.

"ధర్మరాజుగారండీ, మా పిల్ల కనపడుద్దాండీ?"

"ఇవాళ మూసేశాం. బయటికి వెళ్ళండి," అంది గాయత్రి.

కోనసీమలో ఇంటికొచ్చిన పెద్దావిడతో ఎవరూ అనని మాట అది. అచ్చాయమ్మ మొహం ఎర్రబడింది.

"నన్ను పొమ్మంటాకి నువ్వెవరివే? ధర్మరాజుగారు పొమ్మన్నారా?"

"లేదు పిన్నిగారూ. కూర్చోండి."

"కూర్చుంటాను. ఎవరు లేపుతారో చూస్తాను." వెళ్ళి పార్సిల్ మీదే కూలబడింది. బల్ల మూలిగింది.

గాయత్రి పార్సిల్ అంచు పట్టుకు లాగింది. అచ్చాయమ్మ చేతిమీద ఒక్కటిచ్చింది. "సిగ్గు లేదూ? ఆడమనిషి కింద చెయ్యి పెడతావా!"

ధర్మరాజు వైరు పెట్టేశాడు. మాగాయ కొలతలు శత్రువుకి చేరిపోయాయి. చేరనీ.

పాత మాస్టర్ మళ్ళీ ఎక్కించినా లాభం లేదు. కలిపితే దొంగ ముక్క పోదు, మొత్తం తుడిస్తేనే పోతుంది. ఖాళీ మాస్టర్ పంపితే ఐదింటిలో ఉన్నదంతా పోతుంది. ఆరోదీ పోతుంది. ఇందాకే తన చేత్తో కట్టాడు. దాన్ని విప్పాలంటే కొంచెం సేపు కావాలి.

తెరమీద యాకోబు పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. లోపలికి వస్తున్నాడు.

ఒక్క క్షణం ధర్మరాజు చేయి ఆగింది. మాగాయ పేజీ ఇంకా తెరిచే ఉంది. కింద సత్యదుర్గ రాసిన వాక్యం: 'ఈయనకి కారం తగ్గించాలి, చెప్పరు గానీ తినలేరు.'

ఎంటర్ నొక్కాడు.

మాగాయ పోయింది. తెర తెల్లగా నిలిచింది. మస్కట్‌లో యాకోబు ముందు కూడా తెల్ల తెరే తెరుచుకుంది. అక్కణ్ణుంచి ముఠాకి ఏమీ చేరలేదు.

"పిన్నిగారూ, లేవకండి," అన్నాడు ధర్మరాజు, పాత యూపీఎస్ డబ్బాలోంచి రివాల్వర్ తీస్తూ.

గాయత్రి చేతులెత్తింది. "ఇందాక తెరమీద చూశాను. మీ ఇంటావిడ రాతలూ పోయాయిగా? అవి మావాళ్ళకి చేరాయి. నన్నొదిలేస్తే తిరిగి తెప్పించి ఇవ్వగలను."

ధర్మరాజు సొరుగులోంచి బేడీలు తీశాడు. ఆవిడ చేతులకి వేశాడు. బిగించి వేశాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! మనవాళ్ళెవరైనా పోయారా?"

ధర్మరాజు తెల్ల తెర వంక చూశాడు.

"కొత్తగా ఎవరూ పోలేదండి."