నాలుగు వేల దువ్వెనలు, ఒక గుండు

ఉదయం తొమ్మిదీ పదికి మురుగేష్ చనిపోయాడు. చనిపోయిన చోటు తిరుపతి కొర్లగుంట సందులోని దువ్వెనల మ్యూజియం, మూడో గది. మెడకు పియానో తీగ బిగించి, అది చాలదన్నట్టు చెవి కింద కత్తి దించారు. గోడ మీద నవ్వు పుట్టించే చీటీలన్నిటి మీదా నెత్తురు చిమ్మింది.

ఆ చీటీల కోసమే జనం అక్కడికి వస్తారు. కొండ మీద తలనీలాలిచ్చిన వాళ్ళు ఇక అక్కర్లేదని వదిలేసిన దువ్వెనలు నాలుగు వేల పైచిలుకు, ఒక్కొక్కటీ ఒక మేకుకి. కింద కోదండం చేతిరాత. "బెంగళూరు ఇంజనీరు. మొక్కు: ప్రమోషన్. ప్రమోషన్ వచ్చింది, జుట్టు మళ్ళీ రాలేదు." "రైల్వే గుమాస్తా. మొక్కు: అత్తగారు ఊరికి పోవాలి. ఆమె పోలేదు, ఈయనే బదిలీ అయ్యాడు." కోదండం ముప్పై ఒక్క ఏళ్ళు కొండ మీద గుండ్లు గీసి రిటైరైన మనిషి. ఎగతాళి చేసినా ఎవరికీ కోపం రాకుండా చేస్తాడు.

పదింటికి ఇంటెలిజెన్స్ ఏజెంట్ ధనుంజయ లోపలికి వచ్చాడు. పూతలపట్టు వాడు, ముప్పై ఎనిమిదేళ్ళు, చేతిలో వేషానికి వాటర్ ఫిల్టర్ కంపెనీ బ్యాగు. మురుగేష్‌తో కలిసి ఎనిమిదేళ్ళు పనిచేశాడు. శవం మీది తువ్వాలు తీసి మొహం చూశాడు, మళ్ళీ కప్పాడు. ఫోన్ తీశాడు.

"గూడూరు నిమ్మకాయలు తూకానికి వచ్చాయా?" అన్నాడు అవతల చీఫ్.

"వచ్చాయి సార్. ఒక బుట్ట చితికింది."

చితికిన బుట్ట అంటే ఒక మనిషి పోయాడని. తర్వాత చీఫ్ బ్రీఫింగ్ గబగబా సాగింది. "కోరల్" అనే విదేశీ ముఠాలో మురుగేష్ ఏడాదిగా మన మనిషి. తెల్లవారుజామున ఒకే ఒక మెసేజ్ పంపాడు. శ్రీహరికోట రాకెట్ చూడ్డానికి వచ్చే బస్సుల్లో ఒకదాంట్లో బాంబు ఉంది. రాకెట్ లేచే నిమిషానికి, పదకొండూ నలభై రెండుకి పేలుతుంది. జనాన్ని కదిలిస్తే కాపలా ఉన్నవాడు ముందే పేల్చేస్తాడు. బాంబు నోరు మూయించే ఫోన్ నంబరూ, డిజార్మ్ కోడూ దువ్వెనలో ఉన్నాయి. ఇంతే. ఏ దువ్వెనో చెప్పలేదు. సాయానికి ఊళ్ళోనే ఉన్న మరో ఏజెంట్ లీలావతిని పంపుతున్నానని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

కోదండం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయనే ధనుంజయకు కబురు పెట్టింది. పొద్దున్నే వచ్చిన మురుగేష్ ఆయన చేతిలో ఒక దువ్వెన పెట్టి, తనకేమైనా అయితే ఈ నంబరుకి చెయ్యమన్నాడట. ఆయన టీకి వెళ్ళి వచ్చేసరికి ఇదీ సంగతి. ఆ దువ్వెన ఎలాంటిదో, ఎక్కడ పెట్టాడో శవాన్ని చూసిన బెదురులో ఆయనకు ఎంతకీ గుర్తు రావడం లేదు. మూడు గదుల్లోనూ చాలా దువ్వెనలు నేల మీద విరిగి పడి ఉన్నాయి. చంపినవాళ్ళు వెతికారు. దొరికిందో లేదో?

బస్సుల సంగతి ధనుంజయ దాచలేదు. విన్న కోదండం చటుక్కున లేచాడు.

"మా మనవరాలు భవిత ఆడికే పొయ్యుండాది అప్పా. ఇస్కూలు బస్సులో. రాకెట్టు సూపిస్తామని తెల్లార్తో తీసకపొయినారు."

పదిన్నరకు లీలావతి వచ్చింది. నెలన్నర కిందట చెన్నైలో చూసినప్పుడు నడుం దాకా జడ. ఇప్పుడు పసుపు చీర, నున్నటి గుండు, దాని మీద చందనం. గుండుతో కూడా అందంగా ఉండటం అందరికీ చేతకాదు, లీలావతికి చేతనైంది. నెల రోజులుగా ఢిల్లీ ఆఫీసులో ఏసీ గదిలోంచి కదల్లేదనీ, మురుగేష్‌కి తోడుండమని నిన్న ఆర్డర్ రాగానే విమానమెక్కాననీ చెప్పింది. యాత్రికురాలి వేషానికి నకిలీ గుండు చాలదట. అందుకే తొమ్మిదింటికి కొండ మీద కత్తి కింద తల వంచానంది. మురుగేష్ కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది కూడా.

ధనుంజయ ఆమెకు కోదండం చెప్పిందంతా చెప్పాడు. ముగ్గురూ వెతికారు. కొమ్ము దువ్వెనలు, చెక్క దువ్వెనలు, పేలు తీసే ఈర్పెనలు. ధనుంజయ పళ్ళు విరిచి చూశాడు. లీలావతి అంతకంటే తొందరగా విరిచింది. పదకొండూ పది అయింది.

కోదండం చూపు ఉన్నట్టుండి ఆమె చెవి వెనక ఆగింది. అద్దంలో కనబడని చోటు. అక్కడ ఎండిన నెత్తుటి చుక్క.

"యాడో కత్తి తగిలినట్టుండాది తల్లీ. కూర్సో, పటిక పెడతా."

వద్దని ఆమె అనేలోపే ఆయన తడిగుడ్డ తీశాడు. మంగలి కంటికి నెత్తురు కనబడితే చెయ్యి పటిక కోసం వెళ్ళాల్సిందే, అది అలవాటు. చుక్క తుడిచాడు. పక్కనున్న చందనం కూడా తుడిచాడు. తుడిచిన చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు ధనుంజయ.

"కోతే లేదప్పా. ఈ నెత్తురు ఈయమ్మది గాదు." కోదండం ఒకడుగు వెనక్కి వేశాడు. "గుండూ ఈ పొద్దుటిది గాదు. కొత్త గుండు గుడ్డు మాదిరి తెల్లంగా ఉంటాది. ఇది నుదురంత నల్లంగా కమిలిపోయింది. రోజూ గీసుకుంటా నెల రోజులు ఎండలో తిరిగిన గుండు. నేను లచ్చ తలకాయలు సూసినాను."

ధనుంజయ చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళేలోపే లీలావతి చీర మడతల్లోంచి సైలెన్సర్ పిస్టల్ వచ్చింది. మొదటి గుండు అతని ఎడమ భుజం చీల్చుకుని వెళ్ళింది. రెండోది తొడలో దిగింది. అతను చీటీల బోర్డు మీద పడ్డాడు, అతని తుపాకి ఎటో దొర్లిపోయింది.

"వెతకడానికి మరో జత చేతులు కావాలని నిన్ను బతకనిచ్చాను," అంది లీలావతి. ఏ మాత్రం ఆయాసం లేదు. "ముసలాయనా, నీ చేతికిచ్చిన దువ్వెన ఏ మేకుకి కొట్టావు?"

కోదండం పెదవి విప్పలేదు. ఆమె ఆయన కుడిచేతిని బల్ల మీద పెట్టి పిస్టల్ పిడితో కొట్టింది. రెండు వేళ్ళు పటపట విరిగాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క చెవి కూడా తెగనివ్వని వేళ్ళు. ముసలాయన అరవలేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం జారాయి. ఆమె మళ్ళీ చెయ్యెత్తింది.

ధనుంజయ నేల మీద పాకి గాజు బీరువా కాలు పట్టి లాగాడు. బీరువా ఆమె మీద బోర్లాపడింది. గాజు పెంకుల మధ్యనుంచి ఆమె లేచేసరికి మొహం సగం నెత్తురు, చేతిలో పిస్టల్ లేదు, తీగ ఉంది. మురుగేష్ ప్రాణం తీసిన అదే తీగ. ధనుంజయ మెడ చుట్టూ వేసి, వీపు మీద మోకాలు పెట్టి బిగించింది. అతని గోళ్ళు నేలను గీరాయి. చూపు నల్లబడింది.

కోదండం ఎడమచేత్తో పాత మంగలికత్తి తీశాడు. జీవితంలో మొదటిసారి కావాలని కోశాడు. మోకాలి వెనక నరం, ఒక్క గీత. లీలావతి కూలిపోయింది. అయినా ఆమె చెయ్యి బీరువా కింది పిస్టల్‌ని అందుకుంది. ధనుంజయ ఆ మణికట్టు పట్టుకుని ఆమె గడ్డం కిందికి తిప్పాడు. కాల్చింది ఎవరి వేలో ఇద్దరికీ తెలియదు. ఆమె మాత్రం మళ్ళీ కదల్లేదు.

పదకొండూ ముప్పై ఆరు.

"దువ్వెన యాడుండాది పెద్దాయనా?"

కోదండం టీ బల్ల కింద ఉన్న బిస్కెట్ల డబ్బా చూపించాడు. "ఈయమ్మ మేకు అంటే అప్పుడు గుర్తొచ్చినాది. దాన్ని గోడకి కొట్టలేదప్పా. సరికొత్త దువ్వెన, ఒక్క ఎంటిక లేదు. తలలో పెట్టని దువ్వెనకి మొక్కేముంటాది? ఆయబ్బి మనసు నొప్పించకూడదని తీసుకోని, పనికిరాని వాటిలో పడేసినా."

ఆ మ్యూజియంలో ఒక్క దువ్వెన కూడా కడగరు. ఎంట్రుకే సాక్ష్యం. విదేశీ ముఠాకు ఎన్ని తెలిసినా ఈ సంగతి తెలియలేదు. మన మురుగేష్‌కి కూడా తెలియలేదు, పాపం.

డబ్బాలో పదకొండు దువ్వెనలు. తొమ్మిదోది నీలం ప్లాస్టిక్. చివరి పన్ను విరిస్తే గోరంత మెమరీ చిప్ రాలింది. నెత్తుటి వేళ్ళలోంచి రెండుసార్లు జారింది. కోదండం విరగని చేత్తో ఎత్తి ఫోన్‌లో దూర్చాడు. స్క్రీన్ మీద ఒక నంబరు, కింద పన్నెండు అంకెలు, ఒక బస్సు నంబరు. ఆ బస్సు నంబరు చూసి ముసలాయన గోడ పట్టుకున్నాడు. పొద్దున భవితను ఎక్కించింది ఆయనే.

పదకొండూ నలభై. ధనుంజయ డయల్ చేశాడు. నెత్తురు తడికి స్క్రీన్ ఒక అంకె తప్పుగా తీసుకుంది. మళ్ళీ మొదటినుంచి. కోదండం తన పంచె చెంగుతో స్క్రీన్ తుడుస్తూ ఒక్కో అంకే పైకి చదివాడు. పన్నెండో అంకె నొక్కేసరికి గడియారంలో మూడు సెకన్లు మిగిలాయి. అవతల బీప్ మని ఒక శబ్దం, తర్వాత నిశ్శబ్దం.

ధనుంజయ బస్సు నంబరు చీఫ్‌కి పంపాడు. నలభై రెండు అయింది. నలభై మూడు. నలభై ఆరుకి చీఫ్ ఫోన్: కాపలావాడు దొరికాడు, బస్సు చుట్టుపక్కల ఖాళీ చేయిస్తున్నారు. వెంటనే కోదండం ఫోన్ మోగింది. టీచరు ఫోన్‌లోంచి భవిత. రాకెట్ ఎంత బాగా ఎగిరిందో చెబుతూనే ఉంది, తమ బస్సెక్కనివ్వకుండా పోలీసులు ఎండలో నిలబెట్టారని గొడవ పెడుతూనే ఉంది. ముసలాయన ఊఁ కొడుతూ ఏడ్చాడు.

మూడు వారాల తర్వాత మ్యూజియం మళ్ళీ తెరిచారు. ధనుంజయ కుంటుకుంటూ వచ్చి మూడో గదిలో కొత్త మేకు చూశాడు. పన్ను విరిగిన నీలం దువ్వెన. "మురుగేష్. మొక్కు: పదిమంది పిల్లాపాపలు క్షేమంగా ఇల్లు చేరాలి. తీరింది. ఎంట్రుక లేకున్నా గోడకెక్కిన దువ్వెన ఇదొక్కటే."

పక్కనే ఇంకో మేకు, దువ్వెన లేకుండా. కింద చీటీ, విరిగిన వేళ్ళ వంకర రాత: "ఢిల్లీ మేడం. మొక్కు: చెప్పలేదు. తీరనూ లేదు. గుండు మాత్రం ముందే గీయించుకుంది."