రాజి వదిలేసిన పేజీ

టంగ్!

సలోమోను తాత మేకు మీద రాయితో కొట్టాడు. రేకు డబ్బా అడుగున చిల్లు పడింది. డబ్బాని తిప్పి ఇంకో చిల్లు పొడిచాడు. తర్వాత దాన్ని పక్కనున్న గోతిలోకి విసిరేశాడు.

రాజి ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. అది శనివారం మధ్యాహ్నం. చుట్టూ మామిడితోటలన్నీ పూత మీద ఉన్నాయి. పూతకి పురుగు పట్టకుండా మందు కొడుతున్న పంపుల చప్పుడు దూరం నుంచి వినిపిస్తోంది.

"తాతా, నువ్వు చేసిన గొప్ప పనులన్నీ చెప్పు. రెండు పేజీలు నిండాలి," అంది రాజి.

ఏడో తరగతి పిల్లలకి కృపావతి టీచరు ఒక పని అప్పజెప్పింది. చెట్ల కోసం, నీళ్ళ కోసం పోరాడిన పెద్దవాళ్ళు ఆగిరిపల్లి చుట్టుపక్కల ఎవరున్నారో వెతకాలి. వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ జీవితకథ విని రాసి తేవాలి. అన్నిటికంటే బాగున్నది గోడపత్రికలో అతికిస్తారు.

"గొప్ప పనులా?" అన్నాడు తాత. "అవి తర్వాత. ముందు నేను చేసిన తప్పు రాసుకో."

రాజి నవ్వింది. తాత నవ్వలేదు.

"అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళు. తోటల్లో మందు కొట్టే ముఠాకి మేస్త్రీని. ఓ రోజు ఖాళీ మందు డబ్బా ఒకటి ఇంటికి తెచ్చాను. కొత్త రేకు. మంచినీళ్ళు పోసుకోడానికి పనికొస్తది కదా అని తెచ్చాను. వాగులో ఇసకేసి మూడుసార్లు కడిగాను. వాసన కూడా చూశాను. ఏ వాసనా లేదు."

"ఊఁ," అంటూ రాజి రాసుకుంటోంది.

"మా లేయాకి అప్పుడు ఆరేళ్ళు. ఎండలో ఆడుకుని వచ్చింది. ఆ డబ్బాలో నీళ్ళు ముంచుకుని తాగింది."

తాత మేకుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"పొద్దుగూకేసరికి లేయా లేదు."

రాజి పెన్సిల్ ఆగిపోయింది. తను సరిగ్గా విన్నదో లేదో అర్థం కాలేదు. "లేదంటే?" అని అడగబోయి, తాత ముఖం చూసి ఊరుకుంది.

"మందు ఎవరో పెట్టలేదు పాపా. నేనే తెచ్చాను. ఈ చేతుల్తోనే కడిగాను."

రాజి ఆయన చేతుల వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

ఆ తర్వాత తాత మిగతావి చెప్పాడు. ఆ ఏడాది నుంచీ తోట తోటకీ తిరిగి ఖాళీ మందు డబ్బాలు ఏరుతున్నాడట. మళ్ళీ ఎవరూ వాడకుండా చిల్లులు పొడిచి పాతిపెడుతున్నాడట. మందు పంపుల్ని వాగులో కడుగుతుంటే వద్దన్నాడట. వినకపోతే తెల్లవారే వెళ్ళి వాగులో అడ్డంగా పడుకున్నాడట. చచ్చిన చేపలు గంపెడు మోసుకుని బస్సెక్కితే కండక్టరు దించేశాడట. నూజివీడు దాకా నడిచి వెళ్ళి, ఆఫీసరుగారి బల్ల మీద గంప దించాడట.

"ఆయనేమన్నాడు?"

"ముక్కు మూసుకుని, 'ఏంటయ్యా ఇది?' అన్నాడు. 'మా ఊరి మంచినీళ్ళండీ' అన్నాను."

చివరికి వాగుకి దూరంగా పంపులు కడగడానికి వేరే గొయ్యి తవ్వించారు. అప్పటికి తొమ్మిదేళ్ళు గడిచాయి.

రాజి లేచేటప్పుడు తాత చెయ్యెత్తి ఆపాడు.

"రాస్తే లేయాతో మొదలెట్టి రాయి పాపా. లేకపోతే అసలు రాయొద్దు."

"అలాగే తాతా," అంది రాజి.

ఆ సాయంత్రం ఇంట్లో తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంది. మొదటి వాక్యం ఎంతకీ కదల్లేదు. తన చేత్తో తెచ్చిన డబ్బా వల్లే సొంత కూతురు చచ్చిపోయిందని రాస్తే ఆయన్ని గొప్పవాడని ఎవరనుకుంటారు? పాఠాల్లో గొప్పవాళ్ళెవరూ ఇలాంటి తప్పులు చెయ్యలేదే!

"ఏంటే, పెన్సిల్ నములుతున్నావు? అన్నం తినవా?" అంది తల్లి జగదాంబ.

"వస్తున్నానమ్మా."

రాజి నోటుబుక్కులో మొదటి పేజీ తిప్పేసింది. రెండో పేజీ నుంచి రాయడం మొదలుపెట్టింది. చిల్లులు ఎందుకు పొడుస్తాడో చెప్పాలంటే లేయా గురించి చెప్పాలి. అందుకని చిల్లుల సంగతి కూడా వదిలేసింది.

"సలోమోను తాత తోటలన్నీ తిరిగి ఖాళీ డబ్బాలు ఏరి తెస్తాడు. ఒక్క డబ్బానైనా నేల మీద వృథాగా పడి ఉండనివ్వడు," అని అందంగా రాసింది. కింద గీత కూడా గీసింది.

సోమవారం గోడపత్రికలో ఆ కాగితమే పైన ఉంది.

"చాలా బాగా రాశావు రాజీ. అంతా ఆయనే చెప్పాడా?" అంది కృపావతి టీచరు.

"అవునండీ," అంది రాజి. ఎందుకో ఆవిడ ముఖంలోకి చూడలేకపోయింది.

పిల్లలు కాగితం చుట్టూ మూగారు. వాగులో పడుకున్న చోట అందరూ నవ్వారు. క్లాసు లీడరు వెంకట రమణ మాత్రం మూతి ముడిచాడు.

"నీకు మంచి తాత దొరికాడు. మా తాతని ఏ ప్రశ్న అడిగినా నిద్రపోయాడు," అన్నాడు. ఇంకోసారి చదివి, "ఏయ్, మనం కూడా డబ్బాలు ఏరదామా?" అన్నాడు.

"ఏరదాం, ఏరదాం!" అన్నారు అందరూ.

రాజికి గర్వంగా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. రాజి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వరండాలోకి వచ్చింది. మంచినీళ్ళ కుండ ఉండే చోట చిన్న తరగతుల పిల్లలు వరసగా నిలబడ్డారు. కానీ అక్కడ కుండ లేదు. అది పొద్దున్నే పగిలిందట. దాని చోట ముక్కాలిపీట మీద తెల్లగా మెరుస్తున్న పెద్ద రేకు డబ్బా ఉంది.

పక్కనే రమణ నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"చూశావా రాజీ? మీ సలోమోను తాతలాగా నేనూ ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు."

"ఎక్కడిదిరా ఇది?"

"మా తోటలోది. డబ్బాకి అంటించిన కాగితం నానబెట్టి పీకేసరికి తాతలు దిగొచ్చారు. ఇసకేసి మూడుసార్లు కడిగాను. వాసన కూడా చూశాను. ఏ వాసనా లేదు."

రాజి డబ్బా వైపు చూసింది. తాత చెప్పిన మాటలే. ఒక్కటి కూడా పొల్లుపోలేదు.

వరసలో అందరికంటే ముందున్న పిల్ల గ్లాసు ఎత్తి తాగుతోంది. రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు. ఆ రిబ్బన్లు పొద్దున రాజే కట్టింది.

"పారూ!"

రాజి ఒక్క దూకు దూకి చెల్లెలి చేతి మీద కొట్టింది. గ్లాసు ఎగిరి గోడకి తగిలింది. తర్వాత డబ్బాని రెండు చేతులా తోసేసింది. నీళ్ళన్నీ వరండా నిండా పారాయి.

"నా గ్లాసు!" అని ఏడుపు అందుకుంది పార్వతి.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాడు రమణ.

కృపావతి టీచరు పరుగెత్తుకొచ్చింది. "రాజీ! ఏంటా పని?"

"టీచర్, అది మందు డబ్బా. పురుగుమందు. కడిగినా పోదు." రాజి బోర్లాపడ్డ డబ్బా వైపు చెయ్యి చూపింది. "ఆ నీళ్ళు తాగితే చచ్చిపోతారు టీచర్."

టీచరు ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఎవరెవరు తాగారు?" అని అడిగింది.

పార్వతి ఏడుపు ఆపి రెండు వేళ్ళు చూపించింది.

"నేనొక్కదాన్నే. రెండు గుక్కలు."

ఆ తర్వాతివన్నీ రాజికి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. టీచరు పార్వతిని భుజాన వేసుకుని సెంటర్లో ఉన్న ఆస్పత్రికి పరుగెత్తింది. చెప్పు తెగిపోయినా ఆగలేదు. డాక్టరుగారు తలుపు మూశారు. లోపల పార్వతి కక్కుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చేసింది.

"కడుపు కడిగాం. సాయంత్రం దాకా చూస్తేగానీ చెప్పలేనమ్మా," అన్నారు డాక్టరుగారు.

సాయంత్రం దాకా! రాజి గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. లేయా కూడా సాయంత్రం దాకే ఉంది.

రమణ గుమ్మం దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "నాకు తెలీదు టీచర్. డబ్బాలు ఏరతాడని రాజి రాసింది. వాడుకోడానికే అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నానురా," అంది టీచరు నెమ్మదిగా. "ఆ కాగితం చదివి, నువ్వు డబ్బాలు ఏరుతుంటే మంచిపని చేస్తున్నావని మెచ్చుకున్నది నేనే కదా." ఆవిడ రాజి వైపు తిరిగింది. "కడిగినా పోదని నీకెలా తెలుసు రాజీ?"

రాజి తల వంచుకుంది. ఇప్పుడైనా ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. కానీ తలుపు అవతల పార్వతి మూలుగుతోంది.

"తాత చెప్పాడండీ. లేయా అని ఆయన కూతురు. ఆయనే డబ్బా తెచ్చాడు. ఇలాగే మూడుసార్లు కడిగాడు. ఆ నీళ్ళు తాగి చచ్చిపోయింది. అది ముందు రాయమన్నాడు. నేను రాయలేదు."

"ఎందుకు రాయలేదే?" అంది జగదాంబ. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"తాతని అందరూ చెడ్డవాడనుకుంటారని."

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. సలోమోను తాత. ఎవరు చెప్పారో ఏమో, పైగుడ్డ కూడా లేకుండా వచ్చేశాడు.

"పాపకెలా ఉందమ్మగారూ?"

"సాయంత్రం దాకా చూడాలన్నారు సలోమోనూ," అంది టీచరు.

ఆ మాటకి తాత గడప మీదే కూలబడ్డాడు. తలెత్తి రాజిని చూశాడు.

"రాయలేదా పాపా?"

"రాయలేదు తాతా."

"మూడు రోజుల్నించీ ఊళ్ళో ఎదురుపడ్డవాళ్ళంతా నన్ను మంచోడు, మంచోడు అంటన్నారు. ఎందుకా అనుకున్నాను." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నాకెందుకమ్మా ఆ మంచితనం? నన్ను చూసి ఛీ అన్నా పర్లేదు. మళ్ళీ ఇంకో పిల్ల తాగకుండా ఉంటే చాలు."

రాజి లేచి వెళ్ళి ఆయన పక్కన, గడప మీద కూర్చుంది.

వీధిదీపాలు వెలిగే వేళకి డాక్టరుగారు బయటికొచ్చారు. "ఇంక భయం లేదు. లోపలికి వెళ్ళండి," అన్నారు.

పార్వతి మంచం మీద తోటకూరకాడలా వాలిపోయి ఉంది. అక్కని చూడగానే, "నా గ్లాసుకి సొట్ట పడిందా?" అని అడిగింది.

రాజి ఏడుస్తూనే నవ్వింది. తాత మాత్రం లోపలికి రాలేదు. కిటికీలోంచి పార్వతి మాట్లాడటం విని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి రాజి కొత్త కాగితం తీసింది. ఈసారి మొదటి వాక్యం కోసం వెతుక్కోలేదు.

మర్నాడు ప్రార్థన అయ్యాక టీచరు రాజిని ముందుకి పిలిచింది. చిన్న తరగతుల పిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు. రాజి కాగితం మడత విప్పింది.

"ఈ కథ ముందు నేను తప్పుగా రాశాను," అని మొదలుపెట్టింది. "నేను వదిలేసిన పేజీ వల్ల నిన్న మా చెల్లి చచ్చిపోయేది. ఇప్పుడు ఆ పేజీ చదువుతాను. సలోమోను తాతకి లేయా అని ఒక కూతురు ఉండేది."

వాగు గురించి, ఇసక గురించి, మూడుసార్లు కడగడం గురించి చదివింది. లేయా నీళ్ళు ముంచుకున్న చోట ఆగి ఊపిరి పీల్చుకుంది.

ఒకటో తరగతి పిల్ల మగ్దలేనమ్మ మధ్యలో లేచింది.

"అక్కా, లేయా మళ్ళీ బతికిందా?"

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. బతికింది అంటే చాలు, హాయిగా కూర్చుంటుంది. రాజి టీచరు వైపు చూసింది.

"లేదు," అంది రాజి. "బతకలేదు."

తోటల్లో పంపుల చప్పుడు వినిపిస్తోంది.

మగ్దలేనమ్మ కూర్చోలేదు.

"మా ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఉందక్కా. మా అమ్మ దాంట్లో మజ్జిగ పోసి మా నాన్నకి పంపిద్ది."

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. మూడో తరగతి నుంచి రెండు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రాజి కాగితం మడిచి టీచరు చేతికిచ్చింది. పిల్లల మధ్యకి వెళ్ళి మగ్దలేనమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న ఎన్నింటికి పనికి వెళ్తాడు?"

"ఇప్పుడే వెళ్తాడు."

"అయితే పద, పరుగెత్తుదాం. మీ అమ్మకి నేను చెప్తాను," అంది రాజి.