ఇరవై ఆరో వరుస

యాసిన్ ఆ తోలు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన బంగారు అక్షరాలు. కింద ఎరుపు, నీలం సిరాల్లో పండగల పేర్లు. అంచున చలి కాచుకుంటున్న ముసలాయన బొమ్మ.

"ఏ సంవత్సరం క్యాలెండరండీ ఇది? వారాలే లేవు."

"ఐదొందల ఏళ్ల కిందటిది. ఫిబ్రవరి నెల" అంది జెస్సీ.

"అయితే పాతదే. చించెయ్యొచ్చుగా."

"నీ షాపుకు నిప్పెట్టొచ్చుగా."

నరసరావుపేటలో ఫ్రేములు కట్టే రసూల్ కొడుకు యాసిన్‌కీ, సుందరరావు మాస్టారి కూతురు జెస్సీకీ ప్రేమ అట్లా మొదలైంది. ఎవరో విదేశీ ఫాదరు తన ప్రార్థన పుస్తకంలోంచి ఊడిన ఆ ఆకును జెస్సీ తాతకిచ్చి పోయాడట. దానికి ఫ్రేము కట్టించడానికి తెచ్చింది. ఇక రసూల్ సంగతంటారా, ఆయన చెయ్యి పడితే పాత ఫోటోల్లో మనుషులు అప్పుడే మొహం కడుక్కొచ్చినట్టుండేవారు. ఇది తగ్గించి చెప్పిన మాటే.

రెండు రోజుల పనిని యాసిన్ రెండు నెలలు సాగదీశాడు. ఒక వారం అద్దం రాలేదన్నాడు. ఇంకో వారం కర్ర తడిసిందన్నాడు.

"చుక్క వాన లేదు, కర్రెట్టా తడిసింది?" అని నవ్వి, జెస్సీ మళ్లీ వారం వచ్చేది.

ఫిబ్రవరి మొదట్లో యాసిన్ తెగించాడు. "మీ ఇంటికొచ్చి మీ నాన్నను అడగనా? నోటితో చెప్పొద్దు, కాదంటే ఇక్కడే పడిపోతా. ఈ పేజీలో తేదీకో వరుస, పండగ లేని ఖాళీ వరుసలున్నాయిగా. ఒకదాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు, ఆ తేదీన వస్తా. గీత లేకపోతే మళ్లీ అడగను."

"వినే ధైర్యం లేదు గాని, పెళ్లంట" అంది జెస్సీ.

ఆ శుక్రవారం యాసిన్ నమాజు నుంచి వచ్చేసరికి ఫ్రేము తయారై ఉంది.

"ఇందాక ఆ పిల్ల వచ్చి, కాసేపు పేజీ చూసుకొని పోయింది. రెండు నెలల్నుంచి తిప్పుతున్నావ్, సిగ్గులేదురా నీకు? నేనే కట్టేశా" అన్నాడు రసూల్.

యాసిన్ అద్దంలోంచి వరుస వరుసా వెతికాడు. గీత లేదు. మళ్లీ అడగనని తనే మాటిచ్చాడు. ఫ్రేమును ఆటోలో వాళ్లింటికి పంపేశాడు.

మరుసటేడు జెస్సీకి గురజాల సంబంధం కుదిరి పెళ్లయింది.

నాలుగేళ్లకు అద్దం పగిలిందని ఆమే తెచ్చింది. యాసిన్ మేకులు పీకి, ఆకును ఎండకు ఏటవాలుగా పట్టాడు. ఇరవై ఆరో వరుస పక్కన సన్నటి నొక్కు. పెన్సిల్ రంగు పోయినా, తోలు ఆ గీతను మరిచిపోలేదు.

"ఇదెప్పుడు పెట్టావ్?"

"ఆ శుక్రవారమే. ఇరవై ఆరున నాన్న తెల్లచొక్కా తొడుక్కొని పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చున్నాడు. రెండుసార్లు కాఫీ కాచి పారబోశా. నువ్వు చానా పెద్దమనిషివి యాసిన్."

లోపల మంచం మీంచి రసూల్ గొంతు వినిపించింది. "ఎవర్రా, క్యాలెండరు పిల్లా? ఆ రోజు దాని మీద పెన్సిల్ మరకుంటే బ్రెడ్డు ముక్కతో తుడిచింది నేనే తల్లీ. మావాడైతే చూసుకునేవాడే కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాగా తుడిచావు బాబాయ్" అంది జెస్సీ.

తర్వాత, అలవాటు చొప్పున యాసిన్‌ను అడిగింది. "ఎప్పుడు రమ్మంటావ్?"

"కూర్చో" అన్నాడతను, అద్దం కోస్తూ. "పది నిమిషాల పని."

పది నిమిషాలు కూడా పట్టలేదు.