తొక్కే గడప

మిట్టమధ్యాహ్నం... మనిషి నీడ మనిషి కాళ్లకిందే దాక్కునే ఘోరఘడియ! గర్భాలయం మూసి పూజారి కునుకు తీయడానికి ఇంటికి పోయాడు. కారుమేఘాలు కాటుకలా కరిగి గోపురాన్ని కమ్మేశాయి. పట్టపగలు... గోపురపు గూట్లోంచి గుడ్లగూబ కూసింది!

ఎక్కడైనా గుడి గడపని కళ్లకద్దుకుని దాటతారు. ఈ ఊళ్లో తొక్కుతారు. తొక్కి తీరాలి! ఊరి పుట్టుకే అక్కడుంది. నరరక్తంతో నేల తడిపిన ఓ క్షుద్రోపాసకుణ్ణి అమ్మవారు సంహరించి, వాడి కపాలాన్ని పాదంతో భూమిలోకి అదిమి, "నా బిడ్డల పాదాలే వీడికి సంకెళ్లు" అందట. ఆ పాదం మోపిన చోటే గుడి, గుడి చుట్టూ ఊరు. వచ్చిన ప్రతివాళ్లూ కుడికాలితో గడప తొక్కాకే దండం పెట్టేది. వెయ్యేళ్ల పాదాలకి ఆ నల్లరాయి పళ్లెంలా గుంటపడి, చివరికి పగిలింది. కొత్తది చెక్కి దించే పని ఉలిమేస్త్రిది.

ఆ అదను కోసమే కాచుకున్నాడు క్షుద్రమాంత్రికుడు బూడిదయ్య! ఒళ్లంతా చితాభస్మం, కళ్లు నిప్పుకణికలు. ఆ కపాలం వశమైతే ఊరు ఊరంతా వాడి కాళ్లకింద పురుగే!

మేస్త్రి భార్య గుడి ఊడుస్తుంది. ఓనాడు ప్రాకారం నిండా వాడు రాల్చిన బూడిద చూసి, "స్వామీ, పొయ్యిలో పడుకుని లేచిన పిల్లిలా ఉన్నారు. కాస్త దులుపుకుని రండి, నా నడుం పడిపోతోంది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. వాడు నవ్వలేదు... మూడోనాటికి ఆవిడ జుట్టు విరబోసుకుని, మగగొంతుతో గర్జిస్తూ గోళ్లతో గోడలు గీరింది!

"గడప లేపు. నీ పెళ్లాన్ని వదిలేస్తా." అదీ వాడి బేరం.

కూలీలు అన్నానికి పోయిన వేళ చూసి మేస్త్రి గునపం వేశాడు. రాయి కదిలింది... గుప్పున శవగంధం! నడుములోతు గోతిలో, పళ్లికిలించిన కపాలం! గోతిలోంచి పైకి తీయకముందే దాన్ని వశం చేసుకోవాలి. బూడిదయ్య గోతిలోకి దూకి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పద్మాసనం వేశాడు. వాడి తల సరిగ్గా గడప మట్టానికొచ్చింది.

"ఇక నా పెళ్లాన్ని వదిలెయ్యి స్వామీ!" మేస్త్రి చేతులు జోడించాడు.

"వదలనా? వెర్రి మేస్త్రీ! మీ అమ్మవారి సంకెల నీ చేత్తోనే తెంచావు. ఇక మిగిలింది బలి! రావే... నీ కాళ్లతో నువ్వే నడిచొచ్చి ఇక్కడ మెడ పెట్టు!"

వాడు ముందే రప్పించిన మేస్త్రి భార్య మండపపు చీకట్లోంచి కదిలింది... మేస్త్రి అడ్డంపడ్డాడు. "ఒసేయ్, నేనే! ఆగవే!" ఒక్క విదిలింపుకి ఎగిరి స్తంభానికి కొట్టుకున్నాడు. నుదురు చిట్లింది. ఆ కళ్లల్లో మొగుడు లేడు, పిల్లలు లేరు...

కానీ కాళ్లున్నాయే! వాటికి భూతం పట్టకముందే ఇరవయ్యేళ్ల అలవాటు పట్టుంది. తొక్కకుండా ఆ ద్వారం దాటిన రోజు లేదు. ద్వారం ముందుకి రాగానే కుడికాలు దానంతటదే లేచింది... గడప ఉండాల్సిన చోట దిగింది. బూడిదయ్య నడినెత్తిన!

"తియ్యి! కాలు తియ్యవే!"

అది ఒక్క ఆడమనిషి బరువా? బాలింతలు, ముసలివాళ్లు, కష్టం చెప్పుకోవడానికొచ్చిన లక్షలమంది... అందరి పాదాలూ, అన్నిటికంటే ముందు మోపిన ఆ మహాపాదమూ కలిసి దిగిన బరువు! మూసిన గర్భాలయంలో గంటలు వాటంతటవే మోగాయి. దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు! వాడి మెడ భుజాల్లోకి, భుజాలు పొట్టలోకి కుంగిపోయాయి... కేకని సగంలోనే నేల మింగేసింది.

కూలిపోతున్న భార్యని మేస్త్రి పొదివిపట్టుకున్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి, తన గొంతుతోనే, "నుదుటిమీద ఆ రక్తమేంటయ్యా? ఎక్కడ పడ్డావు? చూసుకుని నడవొద్దూ!" అని కసిరింది. మేస్త్రి ఏడుస్తూనే నవ్వాడు.

సాయంత్రం తలుపులు తెరిచేలోపు, కూలీల సాయంతో కొత్త రాయి దించాడు. దిమ్మిసతో ఎంత మోదినా వేలెడెత్తు పైకే నిలిచింది.

"కొలత తప్పిందేంటోయ్? ముసలాళ్లు తట్టుకుని పడతారు" అని పూజారి సణిగాడు.

"కింద ఇప్పుడు ఇద్దరున్నారు పంతులుగారూ" అన్నాడు మేస్త్రి, ఉలి తుడుచుకుంటూ. "గట్టిగా తొక్కండి."